లాంచీలో దొంగపిట్ట

మా దీవికి ఓ చరిత్ర ఉంది. దాని మీద సర్వహక్కులూ మా అత్తగారివి. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చి ఇన్నేళ్ళయినా, వచ్చినవాళ్ళకి ఆ చరిత్రలో ఒక్క ముక్క కూడా నన్ను చెప్పనిచ్చేది కాదు. నేను నోరు తెరిస్తే చాలు, "నువ్వు అవతలి ఒడ్డుదానివి, నీకేం తెలుసు?" అనేది. అవతలి ఒడ్డంటే ఎక్కడో కాదు. గాలి సరిగ్గా వీస్తే అక్కడి కుక్క అరుపు ఇక్కడికి వినిపిస్తుంది.

దీవి అన్నానని పెద్దగా ఊహించుకోకండి. పొద్దున్నే ఇంట్లోంచి అలిగి బయల్దేరితే కోపం చల్లారేలోపే చుట్టూ తిరిగి మళ్ళీ మన గుమ్మం ముందుకే వచ్చేస్తాం. నేను చాలాసార్లు వచ్చాను. ఒక రేవు, ఒక లైట్‌హౌస్, గట్టిగా తుమ్మితే ఈ చివర నుంచి ఆ చివరకి వినిపించే ఒక వీధి, మేకలుండే గుట్ట, పిట్టలుండే ఇసుకమేట. అంతే. మా దగ్గర మనుషుల కంటే మేకలెక్కువ, మేకల కంటే పిట్టలెక్కువ.

చరిత్ర మాత్రం ఘనమైనది. ఎప్పుడో ఓ ఓడ మా రాళ్ళకి కొట్టుకుని ముక్కలైంది. అందులో ఉన్న సరుకు తలుపులు. ఏ కోటకి పంపుతున్నారో ఏమో, పువ్వులూ లతలూ చెక్కిన భారీ తలుపులు. బతికి బయటపడినవాళ్ళు ముందు ఆ తలుపులు నిలబెట్టుకుని, తరవాత తీరిగ్గా గోడలు కట్టుకున్నారు. అందుకే ఇప్పటికీ మా వీధిలో ఇల్లు చూస్తే అగ్గిపెట్టెంత, తలుపు చూస్తే ఏనుగు పట్టేంత. మా కోళ్ళగూటి తలుపుకి కూడా ఇత్తడి గుబ్బలున్నాయి. గుట్ట మీది మేకలు కూడా ఆ ఓడలోవే. వాటి పొగరు చూస్తే ఓడ కెప్టెన్ పిల్లలనుకుంటారు ఎవరైనా.

మొదటి ఏడాది తినడానికేమీ లేక, వాళ్ళు ఇసుకమేట మీద టోపీపిట్టల గుడ్లు తిని బతికారట. టోపీపిట్ట సన్నగా, తెల్లగా ఉంటుంది. నెత్తిన నల్లటి టోపీ పెట్టినట్టుంటుంది, ముక్కు ఎర్రన. పంటలు చేతికొచ్చాక, అందరూ 'మొదటి అవ్వ' అని చెప్పుకునే పెద్దావిడ ఒక కట్టుబాటు పెట్టింది: "దీని పిల్లల్ని తిని మన పిల్లల్ని బతికించుకున్నాం. ఇక మీదట టోపీపిట్ట ఎక్కడ గుడ్డు పెడితే, పిల్ల ఎగిరేదాకా ఆ చోటు దానిదే."

వినడానికి బాగానే ఉంటుంది. కాపురం చేస్తే తెలుస్తుంది. గుడ్ల కాలం వచ్చిందంటే బుట్టలు బోర్లించాలి, కుర్చీలు లోపల పెట్టాలి, కిటికీలు మూయాలి. లైట్‌హౌస్ చూసుకునే ఆయన్ని మేమంతా దీపం బాబాయి అంటాం. ఓ ఏడు ఆయన ఎండలో ఆరబెట్టిన ఒక చెప్పులో గుడ్డు పెట్టింది. పిల్ల ఎగిరేదాకా ఆయన ఒంటి చెప్పుతోనే మెట్లెక్కి దీపం వెలిగించాడు.

ఈ మర్యాదంతా టోపీపిట్టకే. దొంగపిట్టకి లేదు. దొంగపిట్టంటే లావుపాటి బూడిదరంగు పిట్ట. పచ్చటి ముక్కు, ఎవరికో అప్పిచ్చినట్టు చూసే చూపు. టోపీపిట్టల గుడ్లు మింగేస్తుంది, పిల్లల్ని ఎత్తుకుపోతుంది, మన చేతిలో చేపని కూడా మర్యాద లేకుండా లాక్కుపోతుంది. అది కనిపిస్తే చాలు, మా అత్తగారు కర్ర పుచ్చుకుని తరిమేది.

మా ఆయన లాంచీలో అవతలి ఒడ్డు నుంచి జనాన్ని తీసుకొస్తాడు. మా అత్తగారు వాళ్ళని వెంటబెట్టుకుని తలుపులూ, మేకలూ, పిట్టలూ చూపిస్తూ చరిత్ర చెప్తుంది. చెప్పడంలో ఆవిడ మొనగత్తె, కాదనను. ఓడ మునిగే ఘట్టం వచ్చేసరికి పెద్ద మగవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. ఆవిడ బతుకంతా అందులోనే ఉంది. అది లేని రోజు ఆవిడకి అన్నం సయించదు.

ఆ ఏడు గుడ్ల కాలానికి ముందు నేను చిలకాకుపచ్చ బట్టలు కుట్టించుకున్నాను. కంటికి కొట్టొచ్చే రంగు. వేసుకుని ఆవిడ ముందు ఇటూ అటూ తిరిగాను. ఒక్క మాట అనలేదు. ఇన్నేళ్ళలో నేనేం వేసుకున్నా ఆవిడకి నచ్చిన పాపాన పోలేదు. పోనీలే, ఇన్నాళ్ళకి నా మీద జాలి పుట్టింది కాబోలు అని తెగ సంబరపడ్డాను.

అప్పుడే గాలులు మొదలై, లాంచీ కొన్నాళ్ళు రేవులోనే కట్టేసి ఉంది. మా ఆయన దాని మీద టార్పాలిన్ పట్టా కప్పడం మర్చిపోయాడు. మా దీవిలో ఇంతకంటే పెద్ద తప్పు లేదు. గాలి తగ్గాక వెళ్ళి చూస్తే, లాంచీ వెనక భాగంలో చుట్టగా పెట్టిన తాడు మధ్యలో దొంగపిట్ట ఒకటి దర్జాగా కూర్చుని ఉంది. దాని కింద మచ్చల గుడ్లు.

"ఓస్, దొంగపిట్టేగా!" అని ఊపిరి పీల్చుకుని మా ఆయన గోనెసంచి తెచ్చాడు. సరుకులు అయిపోయి లాంచీ ఎప్పుడు కదులుతుందా అని ఎదురుచూస్తున్న వీధి జనమంతా అక్కడే ఉన్నారు. ఇంతలో మా అత్తగారు కర్ర తాటించుకుంటూ వచ్చింది. రేవు పలకలు దాటి, లాంచీలోకి దిగి, పిట్ట మీదకి వంగింది. నేను కర్ర లేస్తుందనుకున్నాను.

"ఒరేయ్, చెయ్యి పెట్టావంటే ఊరుకోను!" అంది కొడుకుతో. "మన టోపీపిట్ట రా ఇది! ఎంత నల్లటి టోపీయో చూడు. ఆ ఎర్రటి ముక్కు చూడు. మొదటి అవ్వ మాట మర్చిపోయావా?"

పచ్చటి ముక్కు తెరిచి ఆ పిట్ట ఆవిడ వేలు మీద ఒక్క పోటు పొడిచింది.

దీపం బాబాయి నోరు తెరవబోయాడు. ఆయనకి మాట దాచుకోవడం చేతకాదు. నేను ఆయన కాలు గట్టిగా తొక్కాను. ఆవిడకి కనిపించడం లేదు. బొత్తిగా కనిపించడం లేదు. దీవిలో ప్రతి రాయీ పాదాలకి తెలుసు కాబట్టి నడిచేస్తోంది, ప్రతి అరుపూ చెవులకి తెలుసు కాబట్టి "అదిగో, ఆ రాయి పక్కన కూర్చుంది చూడండి" అని చూపించేస్తోంది. ఈ పిట్ట మాత్రం గుడ్ల మీద కూర్చుని కిక్కురుమనలేదు, ఆవిడ దొరికిపోయింది. నా చిలకాకుపచ్చ సంగతి కూడా అప్పుడే అర్థమైంది.

ఆ సాయంత్రం వంటింట్లో మెల్లగా కదిపాను.

"అత్తయ్యా, ఒకసారి అవతలి ఒడ్డుకెళ్ళి కళ్ళు చూపించుకుందామా? మీవీ, నావీ."

"నా కళ్ళకేమొచ్చింది? నీకు కనపడకపోతే నువ్వెళ్ళు. అయినా లాంచీ ఎక్కడుంది? అది ఇప్పుడు పిట్టది."

"పిల్లలు ఎగిరాక వెళ్దామా పోనీ?"

"అప్పటికి సముద్రం పోటెక్కుతుంది. వచ్చే ఏడు చూద్దాంలే." ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ గొంతులో ఎంత తేలికదనమో! వచ్చే ఏడుకి ఉన్న ఆ కాస్త వెలుగూ పోతుందని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

మా ఆయన గదిలో తల పట్టుకున్నాడు. "పోయి చెప్పేద్దాం. అమ్మా, అది దొంగపిట్ట, నీకు కనపడట్లేదు అని."

"అందరి ముందూ టోపీ, ముక్కూ వర్ణించాక ఇప్పుడు చెప్తారా? ఆవిడ మళ్ళీ గడప దాటుతుందా? జనానికి చరిత్ర చెప్తుందా? మీ అమ్మ మీకు తెలీదు."

"మరేం చేద్దామంటావ్?"

నాకూ తెలీదు. కానీ మర్నాడు రేవు దగ్గర అందరూ పోగై సబ్బులు లేవని, కిరసనాయిలు లేదని గొణుగుతుంటే, మా అత్తగారు పిట్ట పక్కన కాపలా కూర్చుని ఎవరి మాటా చెవిన వేసుకోకుండా ఉంటే, నా నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"అత్తయ్యా, మీరే చెప్పారుగా అవ్వ పడవ కథ! ఇప్పుడూ అలాగే చేద్దాం."

"ఏ కథ?"

"అదే, మొదటి అవ్వకి ఉన్న ఒక్క పడవలోనూ పిట్ట గుడ్డు పెడితే, ఆవిడ పడవ ఆపలేదుగా! 'పడవ నీదే తల్లీ, మేం నీ పడవలో ఎక్కినవాళ్ళం' అని పిట్టకి చెప్పి, దాన్ని కదపకుండా మెల్లగా తెడ్డు వేసుకుంటూ వెళ్ళింది. ఇంటికి పెద్దావిడ పక్కన కూర్చుని నీడ పట్టేదట."

అటువంటి కథ లేదు. ఉంటే కదా! మా ఆయన నోరు తెరుచుకుని నన్నే చూస్తున్నాడు. మా అత్తగారు మొహం నా వైపు తిప్పింది.

"నేనెప్పుడు చెప్పాను ఈ కథ?"

"నా పెళ్ళైన కొత్తలో. మీరు మర్చిపోయినట్టున్నారు."

ఇక చూడండి. ఆవిడ దేన్నైనా సహిస్తుంది కానీ, చరిత్రలో ఓ ముక్క మర్చిపోయిందంటే సహించదు. కాసేపు కర్రతో పలక మీద తట్టింది. "మర్చిపోవడమేంటి! నాకు నిక్షేపంలా గుర్తుంది. నీకు గుర్తుందో లేదో అని అడిగాను" అంది. అలా అబద్ధం చెప్పినందుకు సిగ్గేసిందా అంటే, లేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అలా బయల్దేరింది లాంచీ. ముందు నేను, వెనక తాటాకు గొడుగు పట్టుకుని మా అత్తగారు, గొడుగు కింద మహారాణిలా దొంగపిట్ట. మా ఆయన ఇంజన్‌ని ఎంత మెల్లగా నడిపాడంటే, చేపలు మమ్మల్ని దాటుకుపోయాయి. సగం దూరం వెళ్ళేసరికి మగపిట్ట, నోట్లో చేపతో, ఇల్లెక్కడికి పోతోందో తెలీక గగ్గోలు పెడుతూ వెంటపడింది. చివరికి లాంచీ అంచున వాలి, పెళ్ళాం నోట్లో చేప పెట్టి, మా వైపు గుర్రుగా చూసింది.

"ఈ టోపీపిట్ట గొంతేంటి, ఇలా బొంగురుపోయింది?" అంది మా అత్తగారు.

"గాలికి జలుబు చేసుంటుంది అమ్మా" అన్నాడు మా ఆయన, వెనక్కి తిరగకుండా.

కళ్ళాసుపత్రి అవతలి ఒడ్డు రేవు పక్క వీధిలోనే ఉంది. "కాస్త నడుద్దాం రండి అత్తయ్యా, కాళ్ళు పట్టేసుంటాయి" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. గుమ్మం ముందు మందుల వాసన తగలగానే ఆవిడ ఆగిపోయింది. చెయ్యి విదిలించుకుంది.

"మోసం చేశావు."

"చేశాను."

"నన్ను వెనక్కి తీసుకెళ్ళు."

"తీసుకెళ్ళను. మీకు కనిపించట్లేదు అత్తయ్యా. నాకు తెలుసు."

దారిన పోయేవాళ్ళు మమ్మల్ని చూసుకుంటూ పోతున్నారు. ఆవిడ కర్ర రెండు చేతులతో పట్టుకుని, చిన్నపిల్లలా తల వంచుకుని నిలబడింది. ఇన్నేళ్ళలో ఆవిడ అలా నిలబడటం నేను చూడలేదు. నాకు ఏడుపొచ్చింది.

"ఇంకెవరెవరికి తెలుసు?" అంది చివరికి.

"నాకొక్కదానికే."

"నీకెలా తెలిసింది?"

"నా చిలకాకుపచ్చ బట్టలు చూసి మీరేమీ అనలేదు."

ఆవిడ మూతి ముడుచుకుంది, కానీ పెదవి అంచున నవ్వు ఆగలేదు. "చిలకాకుపచ్చా? నువ్వా? నీ మొహానికా?" అంది. తరవాత గొంతు తగ్గించి, "కోస్తే ఉన్నది కూడా పోతుందేమోనమ్మా. భయంగా ఉంది. కనపడకపోయినా పిట్టల అరుపులతో నెట్టుకొస్తున్నాను. అసలే పోతే ఆ జనానికి ఏం చూపిస్తాను?" అంది. నేను ఆవిడ చెయ్యి మళ్ళీ పట్టుకున్నాను. ఈసారి విదిలించుకోలేదు.

డాక్టరమ్మ వెలుతురు వేసి చూసి, పొర ముదిరిపోయిందనీ, తీసేస్తే చూపొస్తుందనీ, ఇంకా నాన్చితే తన చేతిలో కూడా ఉండదనీ చెప్పి రోజు పెట్టింది. ఆ రోజుకి మళ్ళీ లాంచీలో వెళ్ళాం. అదే గొడుగు, అదే పిట్ట. మగపిట్టకి కూడా దారి అలవాటైపోయి మా కంటే ముందే రేవు చేరింది.

ఆపరేషన్ అయ్యాక నేను ఆవిడ మంచం పక్కనే ఉన్నాను. కట్టు విప్పే రోజు కావాలనే చిలకాకుపచ్చ వేసుకున్నాను. డాక్టరమ్మ దూది తీసి, "మెల్లగా తెరవండి, ఏం కనిపిస్తోందో చెప్పండి" అంది. ఆవిడ కళ్ళు చికిలించింది. కిటికీ వైపు చూసింది, గోడ చూసింది, డాక్టరమ్మని చూసింది. చివరికి నన్ను పైనుంచి కిందదాకా చూసింది.

"ఛీ ఛీ! ఆ రంగు నీకు బొత్తిగా నప్పలేదు."

నేను మంచం మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. సంతోషానికి అంత ఏడుపొస్తుందని నాకు అప్పటిదాకా తెలీదు. డాక్టరమ్మ పాపం కంగారుపడి నాకు మంచినీళ్ళిచ్చింది.

ఏడుపు తగ్గాక అసలు భయం పట్టుకుంది. పిట్ట! మమ్మల్ని తీసుకెళ్ళడానికి లాంచీ తెచ్చిన మా ఆయన నా చెవిలో, "పిల్లలు బయటికొచ్చాయి" అన్నాడు. నల్ల కళ్ళద్దాలు పెట్టి, గాలి తగలకూడదని దబాయించి, ఆవిడని లాంచీ ముందు గదిలో కూర్చోబెట్టి దారంతా కదలనివ్వలేదు. కానీ ఎంతకని ఆపుతాం? మా రేవు రాగానే ఆవిడ కళ్ళద్దాలు తీసేసి, "నా టోపీపిట్ట పిల్లల్ని చూడాలి" అంటూ వెనక్కి నడిచింది.

రేవు మీద దీవి దీవంతా ఉంది. ఆవిడ గొడుగు ఎత్తింది. బూడిదరంగు తల్లి, పచ్చటి ముక్కు, దాని ముందు మచ్చల దూది ఉండల్లాంటి పిల్లలు నోళ్ళు తెరుచుకుని. ఆవిడ వంగి చూసింది. నిటారుగా నిలబడింది. రేవు మీద ఒక్కొక్కరి మొహం వరసగా చూసింది. అందరూ ఆకాశం చూస్తున్నారు, సముద్రం చూస్తున్నారు, గోళ్ళు చూసుకుంటున్నారు.

"ఇదేం పిట్ట?"

దీపం బాబాయి మాత్రం ఉండబట్టలేకపోయాడు.

"టోపీపిట్టే వదినా! ఈ ఏడు కాస్త ఒళ్ళు చేసింది."

ముందు మా ఆయనకి నవ్వొచ్చింది. తరవాత నాకు. మా అత్తగారి మొహం ఎర్రబడింది, గడ్డం వణికింది, అయిపోయింది మా పని అనుకున్నాను. అంతలో ఆవిడ పగలబడి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకోబోతే, "అత్తయ్యా, కళ్ళు ముట్టుకోకూడదు!" అని నేను అరిచాను. "అయితే నువ్వే తుడువు" అంది. తుడిచాను. అవి నవ్వు నీళ్ళు మాత్రమే కావు.

నన్ను మాత్రం వదల్లేదు. "నీకొక్కదానికే తెలుసా?" అంది, నాకు మాత్రమే వినపడేలా. నేను నాలుక కరుచుకున్నాను.

పిల్లలు ఎగిరేదాకా ఆవిడ లాంచీలోంచి ఎవర్నీ వాటిని కదపనివ్వలేదు. ఎగిరాక కూడా వాటిలో ఒకటి లాంచీ కప్పునే పట్టుకుని వేలాడుతోంది. దానికి ఇప్పటికీ అదే ఇల్లు.

మొన్న జనం వచ్చారు. ఆవిడ తలుపులు చూపించింది, మేకలు చూపించింది, ఓడ ముంచి నలుగురిని ఏడిపించింది. రేవు దగ్గర ఒకాయన లాంచీ కప్పు మీది లావుపాటి పిట్టని చూపించి, దాని కథేంటని అడిగాడు. నేను టీ గ్లాసులు తీసుకెళ్తూ ఆగాను.

"ఈ దీవిలో ఓ ముసలిది ఉండేది" అని మొదలుపెట్టింది మా అత్తగారు. "దానికి కళ్ళు పనిచేసేవి కావు, నోరు మాత్రం బ్రహ్మాండంగా పనిచేసేది. ఓ రోజు దొంగపిట్టని చూసి టోపీపిట్ట అంది. ఊరంతా అక్కడే ఉంది. ఇళ్ళల్లో సబ్బు లేదు, దీపాల్లో కిరసనాయిలు లేదు. అయినా ఒక్కరంటే ఒక్కరు కాదనలేదు. దాని పరువు కోసం పిట్టకి గొడుగు పట్టారు."

"తరవాతేమైంది?" అన్నాడాయన.

ఆవిడ నా వైపు తిరిగింది. చక్కగా చూస్తూ. "తరవాతది మా కోడలు చెప్తుంది. ఇలా రామ్మా. ఆ గ్లాసులక్కడ పెట్టు. అవ్వ పడవ కథ దగ్గర్నుంచి చెప్పు."

జనమంతా నా వైపు తిరిగారు. అన్నేళ్ళు ఎదురుచూసిన మాట. గ్లాసులు పలక మీద పెట్టి, చేతులు తుడుచుకుని, "మా మొదటి అవ్వకి ఒక పడవ ఉండేది..." అని మొదలుపెట్టాను. మా అత్తగారు మధ్యలో ఒక్కసారే అడ్డొచ్చింది.

"కాస్త గట్టిగా చెప్పమ్మా. వెనకవాళ్ళకి వినపడట్లేదు."